కదలని బల్లి

తొమ్మిది రోజులుగా ఆ బల్లి అంగుళం కూడా కదలలేదు.

పొద్దున తొమ్మిదీ అయిదుకు, మియాపూర్‌లో ఉదయ్ భాస్కర్ ఫ్లాటులో, డిటెక్టివ్ పుణ్యవతి ల్యాప్‌టాప్ తెరకు ముక్కు తగిలేంత దగ్గరగా వంగి ఈ సంగతి కనిపెట్టింది. ఆమెకు కళ్ళజోడు లేదు. మహిళా పోలీస్ స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్‌గా చేసి రిటైరైన ఆ కళ్ళకు, అబద్ధమాడేవాడి చెవి కొన ఎర్రబడడం వీధి అవతలి నుంచే కనబడేదట. ఒకసారి ఊరేగింపులో గుర్రం మీద పోతున్న దొంగ పెళ్ళికొడుకును, ముఖానికి పూల ముసుగు ఉండగానే, చెవి చూసి కిందికి దింపిందని స్టేషన్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ కథలోకి గుర్రాన్ని ఆమె తర్వాత తెచ్చి కట్టింది. మిగతాదంతా నిజం.

తెర మీద ఉన్నవి తొమ్మిది వీడియోలు. మే అయిదు నుంచి నిన్నటి పదమూడు దాకా రోజుకొకటి, ఒక్కొక్కటి అరగంట. ప్రతిదాంట్లోనూ తొమ్మిదేళ్ళ రసజ్ఞ తండ్రితో కబుర్లు చెబుతోంది. వెనక తల్లి ఇంట్లో ఆ పిల్ల గది. గోడ మీద, స్విచ్‌బోర్డుకు నాలుగు వేళ్ళ ఎడంగా, తోక కొంచెం వంచుకుని ఆ బల్లి.

ఉదయ్ భాస్కర్ ఏలూరు మనిషి, సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. భార్య సంయుక్తతో విడాకులై రెండేళ్ళయింది. పాప ఎప్పుడు ఎవరి దగ్గరుండాలో కోర్టువారు ఒక పట్టిక రాసిచ్చారు. వేసవి సెలవుల్లో మే అయిదు దాకా తల్లి దగ్గర, అక్కణ్ణుంచి మూడు వారాలు తండ్రి దగ్గర. పాప ఒకరి దగ్గర ఉంటే రెండోవారికి రోజూ అరగంట వీడియో కాల్. తండ్రికైతే పదకొండింటికి, తల్లికైతే సాయంత్రం ఆరింటికి. అందుకోసం పాపకు ప్రత్యేకంగా ఒక ట్యాబ్. ఉదయ్ ఆ పట్టికను ఫ్రిజ్‌కు అంటించి, కొత్త దుప్పట్లు కొని, సెలవు పెట్టుకుని కూర్చున్నాడు. అయిదో తేదీన పాప రాలేదు. అమ్మ ఇప్పుడే పంపనంటోంది, ఫోన్లో మాట్లాడుకుందాం నాన్నా అని ట్యాబ్ నుంచి ఒక మెసేజ్ వచ్చింది.

మొగుడూ పెళ్ళాలుగా ఉన్నప్పుడే పెద్దగా మాట్లాడుకోని ఆ ఇద్దరూ, ఒకరి నంబరు ఒకరు బ్లాక్ చేసుకుని ఏడాదిన్నర అయింది. కాబట్టి ఉదయ్ తన వకీలుకు చెప్పాడు. ఈ వకీలు ఆ వకీలుకు నోటీసు పంపాడు. ఆ వకీలు, పాప మా దగ్గర లేనే లేదు, మీవాడే దాచిపెట్టి మా మీదకు తోస్తున్నాడని తిరుగు నోటీసు పంపాడు. పాప ఆ ఇంట్లోనే కూర్చుని రోజూ తనతో మాట్లాడుతుంటే ఇంత పచ్చి అబద్ధమా అని ఉదయ్ ఉడికిపోయాడు. రేపు పదిన్నరకు విచారణ. పాపను పూర్తిగా తనకే ఇప్పించమని అర్జీ. ఆ అర్జీకి బలం ఈ తొమ్మిది వీడియోలు.

"సారూ," అంది పుణ్యవతి, తెర మీద వేలు పెట్టి. "మీ పాప గదిల బల్లి బతికుందా, సచ్చిందా?"

"బల్లేంటండీ?"

ఆమె మొదటి వీడియో ఆపి చూపించింది. అయిదోది ఆపి చూపించింది. తొమ్మిదోది ఆపింది. అదే చోటు, అదే తోక, అదే వంపు. పాప జడ ఊగినప్పుడు దాని కొస ఒకచోట గోడలోకి కరిగిపోయి మళ్ళీ బయటికొచ్చింది. సగటు బల్లి తొమ్మిది రోజుల్లో ఎన్ని పురుగులు తింటుందో, ఎన్నిసార్లు ట్యూబులైటు చుట్టూ ప్రదక్షిణం చేస్తుందో పుణ్యవతి వర్ణించబోయింది గాని, ఉదయ్‌కు అక్కర్లేకపోయింది. అతనికి అప్పటికే అర్థమైపోయింది.

"అది ఫోటో అండీ," అన్నాడు. "మేం ఆఫీసు మీటింగుల్లో రోజూ చేసేదే. వెనకాల ఉతకని బట్టలు కనిపించకుండా ఏదో ఒక బొమ్మ పెట్టేసుకుంటాం. అంటే పాప ఆ గదిలో లేదు. రోజూ అరగంట చూశాను. ఒక్కసారి కూడా గోడ వైపు చూడలేదండీ."

"మీరు బిడ్డను చూసిండ్రు. మీరు జూడాల్సింది బిడ్డనే. గోడలు జూసుడు నా పని. లేవుండ్రి, కారు తియ్యుండ్రి."

లేస్తూ లేస్తూ ఆమె అలవాటు కొద్దీ ఇల్లంతా ఒక చుట్టు చుట్టింది. పాప కోసం సర్దిన గది, కొత్త దుప్పటి మడత కూడా నలగలేదు, పైన ఫ్యాను. ముందు గదిని ఆనుకుని ఒకప్పుడు బాల్కనీ ఉండేది. ఇంటి నుంచి పనిచేసే రోజులొచ్చాక ఉదయ్ దాన్ని గోడ కట్టించి మూసేసి, ఆఫీసు గదిగా మార్చుకున్నాడు. ఇప్పుడా గదికి వెలుతురు కూడా అడిగి రావాలి. తొమ్మిదీ ఇరవైకి కారు కదిలింది.

పదీ అయిదుకు మణికొండ. సంయుక్త ఉండే గేటెడ్ కమ్యూనిటీ ముందు ఉదయ్ కారు ఆపేసి, ఇంతకు మించి తాను రాలేనన్నాడు. గేటు యాప్‌లో అతని పేరు కొడితే పైనుంచి తిరస్కారం వస్తుంది. ఇప్పటికి పద్నాలుగుసార్లు వచ్చిందట. లెక్క పెట్టుకున్నాడు పాపం. పుణ్యవతి అతన్ని చెట్టు నీడన ఉండమని చెప్పి, చీర కొంగు నడుముకు దోపి, సెక్యూరిటీ గార్డు దగ్గరికి పోయి పెస్ట్ కంట్రోల్ అని రాయించింది. హైదరాబాదు మొత్తం మీద బొద్దింకల ఫిర్యాదు పెండింగులో లేని ఫ్లాటు ఉండదని ఆమె నమ్మకం. అర నిమిషంలో పైనుంచి అనుమతి వచ్చింది.

తలుపు తీసింది సంయుక్తే. రేపటి విచారణ కోసం ఇవాళ సెలవు పెట్టింది. నిద్ర లేని కళ్ళు, చేతిలో చల్లారిన కాఫీ. ఆమె ఏదో అడిగేలోపే లోపల సోఫాలోంచి ఒక గొంతు నవ్వింది.

"ఏమక్కా, డిటెక్టివ్ పని గిట్టక బొద్దింకల మందు కొట్టేదానికి దిగినావా?"

హేమంత్. అనంతపురం పిల్లవాడు. ఆరు నెలలు పుణ్యవతి దగ్గర పని నేర్చుకుని, ఏడో నెల రాయదుర్గం మెట్రో పక్కన పద్నాలుగో అంతస్తులో అద్దాల ఆఫీసు తెరిచాడు. అతని దగ్గర డ్రోన్ ఉంది, మైలు దూరంలో చీమ గడ్డం గీసుకుంటున్నా చూపించే కెమెరా ఉంది, నాలుగు భాషల్లో విజిటింగ్ కార్డు ఉంది. ఓపిక ఒక్కటి లేదు. సంయుక్త అతన్ని పెట్టుకుందన్నమాట.

ఎవరి తరఫున వచ్చిందో తెలిసిన మరుక్షణం సంయుక్త తలుపు వైపు చెయ్యి చూపించింది. పుణ్యవతి కదలలేదు. తన మీద పోలీసు కేసు పెట్టుకోమంది, కాని ముందు ఒక్క నిమిషం పాప గది చూడనివ్వమంది. పాపను ఎక్కడ పెట్టావో చెప్పమని మాత్రం అడగలేదు. అడగకుండానే జవాబు వచ్చింది.

"చూసుకోండి. ఏముందక్కడ? పాపను వాళ్ళ నాన్న తీసుకెళ్ళి పది రోజులైంది. రోజూ వాళ్ళింట్లోంచే మాట్లాడుతోంది, మళ్ళీ నేనే దాచానని నోటీసులిస్తున్నాడు. మీలాంటివాళ్ళని కూడా పంపిస్తున్నాడు."

పుణ్యవతి ఆమె చెవి కొన చూసింది. తెల్లగా, పాలిపోయి ఉంది. ఈవిడ అబద్ధమాడడం లేదు.

అప్పుడు ఆ డిటెక్టివ్ వెన్నులో మొదటిసారి చలి పుట్టింది. బయట నలభై రెండు డిగ్రీలు.

గది వీడియోలో ఉన్నట్టే ఉంది, ఒక్క బల్లి తప్ప. అది తన పని చూసుకుని ఎప్పుడో వెళ్ళిపోయింది. పుణ్యవతి చదువుకునే బల్ల మీద వేలితో గీసింది, గీత పడింది. వారం పైబడిన దుమ్ము. బాత్రూములో పిల్లల సబ్బు ఎండి బీటలు వారింది. గోడ క్యాలెండర్లో మే అయిదు చుట్టూ రంగు పెన్సిలుతో సున్నా, పక్కన నాన్న అని రాసి ఉంది. స్కూలు బ్యాగు లేదు, నీళ్ళ సీసా లేదు, చెప్పుల జత లేదు. అయిదో తేదీన ఈ గదిలోంచి వెళ్ళిన పిల్ల మళ్ళీ ఇందులో అడుగు పెట్టలేదు. మియాపూర్ గదిలో దుప్పటి మడత నలగలేదు. పదీ ఇరవై రెండు.

ఆమె హాల్లోకి వచ్చేసరికి హేమంత్ తన రిపోర్టు తీసి టీపాయ్ మీద పరిచాడు. రేపు కోర్టులో ఇచ్చేదే. మియాపూర్‌లో ఉదయ్ ఫ్లాటు మీద ఆరు రోజుల నిఘా, తేదీలు, గంటలు, నిమిషాలు, రంగు పేజీలు. అక్క చదువుకుంటే బాగుంటుంది, రిపోర్టు ఎట్లా రాయాలో తెలుస్తుంది అన్నట్టు ఆమె వైపు నెట్టాడు. పుణ్యవతి నిలబడే చదివింది. మూడో పేజీలో ఆగింది.

"తమ్మీ, ఎనిమిదో తారీకు, సాయంత్రం అయిదూ పదికి పాప బాల్కనీల నిలబడ్డది అని రాసినవ్."

"రాసినాను. చూసినాను కాబట్టి రాసినాను."

"ఏం తొడుక్కున్నది?"

"పసుపు గౌను. అంత దూరం నుంచీ స్పష్టంగా కనబడింది."

"కనబడ్తదిలే. పదో తారీకు కూడా గదే బాల్కనీల కూసుని మామిడిపండు తిన్నదని రాసినవ్. రసం మోచేతి దాకా కారింది, అది గూడ జూసినవ్."

హేమంత్ తల పంకించాడు. రసం సంగతి తనకే నచ్చినట్టుంది.

"ఆ ఇంటికి బాల్కనీ లేదు బిడ్డా. గోడ గట్టి మూసి ఏండ్లయింది. నేను పొద్దున ఆన్నుంచే వస్తున్న."

హేమంత్ చెవులు రెండూ మిరపపండ్లయ్యాయి. కిందటి అంతస్తు బాల్కనీ అయి ఉండొచ్చని, తన కుర్రాళ్ళు పొరబడి ఉండొచ్చని, ఎండ మండుతుంటే ఎవరైనా కారులోనే కూర్చుంటారని ఒకదాని మీద ఒకటి సాకు పేర్చాడు. అసలు ఉన్నమాట ఏమిటంటే, వాళ్ళు రెండో రోజు నుంచి మియాపూర్ వైపే పోలేదు. పాప అక్కడే ఉందని సంయుక్త చెప్పింది, వీడియోలు చూపించింది; ఉన్న పిల్లను ఉందని రాయడానికి ఎండలో నిలబడడమెందుకని ఆఫీసులో చల్లగా కూర్చుని రాసేశారు.

"పిల్ల ఆడ ఉన్నదని నమ్మినవ్, సరే. కండ్లతోని ఒక్కసారి చూసినవా?"

"లేదక్కా," అన్నాడు హేమంత్.

సంయుక్త చేతిలో కప్పు టీపాయ్ మీద పెట్టబోయి అంచున పెట్టింది. కప్పు కింద పడింది. ఎవరూ దాన్ని చూడలేదు. ఆమె ఫోను తీసి, నిన్న సాయంత్రం ఆరింటి కాల్ రికార్డింగు పెట్టింది. ఆవిడకూ వకీలు రికార్డు చెయ్యమని చెప్పాడు. ఆవిడ దగ్గరా తొమ్మిది ఉన్నాయి. తెర మీద రసజ్ఞ. వెనక మియాపూర్ గది. కొత్త దుప్పటి లేదు, పాతది ఉంది. పైన ఫ్యాను.

"మే నెల," అంది పుణ్యవతి. "పిల్ల ముందర జుట్టు ఎట్ల ఎగుర్తున్నదో చూడుండ్రి. ఏదో ఫ్యాను గాలి కొడుతున్నది. మరి ఈ ఫ్యాను రెక్కలు మూడూ లెక్క పెట్టొచ్చు."

సంయుక్త లెక్క పెట్టింది. మూడు. కదలకుండా.

తండ్రికి తల్లి ఇంటి బొమ్మ. తల్లికి తండ్రి ఇంటి బొమ్మ. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. ఇద్దరి దగ్గరా తొమ్మిదేసి రుజువులు. ఇద్దరి వకీళ్ళూ ఒకరినొకరు అబద్ధాలకోరులని నాలుగు నోటీసుల్లో తిట్టుకున్నారు, పాప మా దగ్గర లేదన్న మాట మాత్రం ఇద్దరిదీ నిజమే. నీ దగ్గరుందా, నా దగ్గర లేదు అన్న రెండు ముక్కలు ఒక్కసారి ఫోన్లో అనుకుని ఉంటే మొదటి రోజు మధ్యాహ్నానికే తేలిపోయేది. పిల్ల తొమ్మిది రోజులుగా ఇద్దరి దగ్గరా లేదు.

పదీ ముప్పై. అయిదో తేదీన పాపను ఈ గడప ఎవరు దాటించారని పుణ్యవతి అడిగింది. బాలమ్మ అని చెప్పింది సంయుక్త. రసజ్ఞను పొత్తిళ్ళ నాటి నుంచి పెంచిన ఆయా. అమ్మానాన్నలు ఎదురుపడితే గొడవ అవుతుందని, ఈ ఇంటి నుంచి ఆ ఇంటికి పాపను ఆటోలో తీసుకెళ్ళి దింపేది ఆమే. పాప నాన్న దగ్గరున్నన్నాళ్ళూ ఆమెకు సెలవు. ఇద్దరూ నమ్మే మనిషి ప్రపంచంలో ఆమె ఒక్కతే. పాప ట్యాబ్‌కు ఫోను చేశారు, స్విచాఫ్. ఎప్పుడూ కాల్ సమయానికే దాన్ని తెరుస్తారు. బాలమ్మ నంబరుకు చేశారు, అదీ స్విచాఫ్.

"ఇల్లెక్కడ?"

సంయుక్తకు ఇదివరకు లింగంపల్లి దగ్గరేదో బస్తీ అని గుర్తు. మొన్నామధ్య గది మారానని బాలమ్మ చెప్పింది, అప్పుడు తాను ఏదో కాల్‌లో ఉండి తలూపింది. ఎక్కడికని అడగలేదు.

"మీ ఆయన్ను అడుగుదాం."

"ఆయన నా..." అని ఆగిపోయింది సంయుక్త.

"పాప తండ్రి. గేటు కాడ చెట్టు కింద ఉన్నడు. పైకి పిలువుండ్రి. పదకొండింటికి కాల్ ఆయన ఫోనుకే వస్తది."

గార్డు పేరు కొట్టాడు. సంయుక్త ఫోను మోగింది. ఉదయ్ భాస్కర్, అతిథి అని రెండు మాటలు, కింద ఎర్రదొకటి పచ్చదొకటి రెండు గుండ్రాలు. పద్నాలుగుసార్లు ఎర్రదాన్ని నొక్కిన బొటనవేలు అలవాటుగా ముందు అటే పోయింది. తర్వాత పచ్చదాన్ని అంత గట్టిగా నొక్కింది, గోరు తెల్లబడేలా.

పైకి వచ్చిన ఉదయ్‌కు రెండు వాక్యాల్లో చెప్పారు. అతను అరవలేదు, నిందించలేదు. గోడకు ఆనుకుని, బాలమ్మ ఇల్లు తనకూ తెలియదన్నాడు. ఎప్పుడూ ఆవిడే వచ్చేది కదండీ అన్నాడు, ఎవరితో అన్నాడో అతనికే తెలియదు.

బాలమ్మే పాపను ఎత్తుకుపోయింది, పోలీసులకు చెబుదామన్నాడు హేమంత్. పుణ్యవతి ఒప్పుకోలేదు. ఎత్తుకుపోయినవాళ్ళు పిల్లను రోజూ రెండుసార్లు తల్లిదండ్రులకు ఠంచనుగా చూపించరు. రెండిళ్ళ ఫోటోలూ తీసి, ఏది ఎవరికి చూపించాలో తప్పకుండా చూపించింది ఆన్‌లైన్ క్లాసుల్లో పుట్టి పెరిగిన బుర్రేగాని, వేలిముద్ర వేసే బాలమ్మ కాదు. కథ నడిపింది పిల్ల. తన గదిలో చోటిచ్చి చాప పరిచింది బాలమ్మ. ఎందుకన్నది పదకొండింటికి తెలుస్తుంది.

ఆమె ఇద్దరినీ పాప గదిలోకి నడిపించి, పాప మంచం మీద పక్కపక్కనే కూర్చోబెట్టింది. కూర్చునేటప్పుడు వాళ్ళిద్దరి మధ్య ఇంకొక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. ఫోను ఉదయ్ చేతిలో.

పదకొండు. ఫోను మోగలేదు.

పదకొండూ రెండు. హేమంత్ గడప దగ్గర నిలబడి గోళ్ళు కొరుకుతున్నాడు. తొమ్మిది రోజుల్లో ఒక్కరోజు కూడా ఒక్క నిమిషం ఆలస్యం కాలేదని ఉదయ్ అన్నాడు. నాకూ కాలేదని సంయుక్త అంది. రెండేళ్ళలో వాళ్ళు వకీలు లేకుండా అనుకున్న మొదటి మాట అదే.

పదకొండూ నాలుగుకు మోగింది.

తెర మీద రసజ్ఞ, వెనక ఈ గదే. పిల్ల నుదుటికి జుట్టు అతుక్కుపోయి ఉంది. హాయ్ నాన్నా అనబోయి ఆగింది. తండ్రి పక్కన అమ్మ. ఇద్దరి వెనక తన అల్మారా, తన క్యాలెండరు. ఆ పిల్ల కళ్ళు ఒకరి మీద నుంచి ఒకరి మీదికి మూడుసార్లు తిరిగాయి.

"ఇద్దరూ ఒక్కకాడ కూసున్నరా?" అంది. అమ్మానాన్నలది కోస్తా తెలుగైనా, పిల్ల భాషకు సగం పాలు పట్టింది బాలమ్మ.

ఎవరూ ఏమీ అనకముందే పిల్ల వేలు కిందికి వెళ్ళింది. వెనక గది మాయమైంది. రేకుల కప్పు, సున్నం రాలిన గోడ, ఆగిపోయి ఉన్న ఒక టేబుల్ ఫ్యాను బయటపడ్డాయి.

"మీరిద్దరు మాట్లాడుకుని ఒక్క ఫోన్ల కలిసి వస్తేనే ఎక్కడున్ననో చెప్దామనుకున్న. రెండు రోజులే అని బాలమ్మ ఒప్పుకుంది. మీరే వస్తలేరు. నాన్నా, పొద్దున్నుంచి కరెంటు లేదు. బాలమ్మ లేస్తలేదు. ఒళ్ళు కాలిపోతోంది, పిలిస్తే ఏదో అంటోంది, అర్థం కావట్లేదు."

పుణ్యవతి ఫోనులోకి తల పెట్టింది. తలుపు తీసి ఎవరినైనా పిలవమంది. గొళ్ళెం తుప్పు పట్టి బిగుసుకుందని, రోజూ బాలమ్మే రాయితో కొట్టి తీస్తుందని, తను కొడితే వేలు నలిగిందని పిల్ల చెయ్యి చూపించింది. కిటికీలోంచి అరిచిందట. కింద బండ్ల హోరులో ఎవరికీ వినబడలేదు.

"పొద్దున్నుంచీ అంటున్నావు, అప్పుడే ఎందుకు చెయ్యలేదు తల్లీ?" అన్నాడు ఉదయ్.

"పదకొండుకే కదా చెయ్యాలి. వేరే టైముకు చేస్తే కోర్టులో మాటొస్తుందని అమ్మ చెప్పింది. నువ్వూ చెప్పావు. ట్యాబ్‌లో చార్జింగు అయిపోతోంది, మళ్ళీ టైముకు ఉండదేమోనని ఆపేసి కూర్చున్నా. గోడ మీద గడియారం లేదు, అందుకే లేటైంది."

సంయుక్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పుణ్యవతి ఇద్దరికీ ఏడ్చే సమయం ఇవ్వలేదు. కిటికీలోంచి ఏం కనిపిస్తోందో చూపించు బిడ్డా అంది. తెర ఊగింది, మసకబారింది, తేరుకుంది. ఇనుప ఊచలు. వాటి అవతల రోడ్డు. రోడ్డుకు అవతల ఆకుపచ్చ అద్దాల భవనం, దాని గేటు, గేటు ముందు తెల్ల బస్సులు ఆగే చోటు.

"అది మా ఆఫీసు," అంది సంయుక్త. "నానక్‌రామ్‌గూడ."

"రోజూ తొమ్మిదిన్నరకు బస్సు దిగుతావు కదమ్మా. దిగంగనే బ్యాగులో కార్డు వెతుక్కుంటావు. నేను చూస్తా. ఇవాళ రాలేదేంటి? నువ్వొస్తే అరుద్దామని కిటికీ దగ్గరే..."

తెర నల్లబడింది. పదకొండూ తొమ్మిది.

తర్వాత జరిగినది లిఫ్టుకు కూడా గుర్తుండదు, ఎందుకంటే దాని కోసం ఎవరూ ఆగలేదు. హేమంత్ మెట్లు దిగుతూనే అంబులెన్సుకు ఫోను చేసి ఆఫీసు పేరు చెప్పి, దానికి ఎదురుగా అన్నాడు. కింద తన మోటారు సైకిలు తీసి, కారు ఇరుక్కుంటుంది అక్కా, ఎక్కు అన్నాడు. రిపోర్టు ఫ్లాటులోనే మర్చిపోయాడు. అది అక్కడే ఉండడం అందరికీ మంచిది. పుణ్యవతి కొంగు బిగించి వెనక ఎక్కింది. ఆ పదిహేను నిమిషాల్లో బండి చక్రాలు నేలకు ఆనినది రెండుసార్లేనని ఆమె తర్వాత పదిమందికి చెప్పింది. వెనకే ఉదయ్ కారు. ముందు సీట్లో సంయుక్త. ఎడమకు తిరుగు, ఆ యూటర్న్ దగ్గర ఆగకు, ఆఫీసు బస్సు ఇటే పోతుంది అని ఆమె చెబుతుంటే అతను చెప్పినట్టల్లా తిప్పాడు.

పదకొండూ ఇరవై ఎనిమిదికి ఆకుపచ్చ అద్దాల భవనం.

ఎదురుగా పాత ఊరు. ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కించిన కిరాయి గదులు, మూడు మూడు అంతస్తులు, పైన రేకులు, వంద కిటికీలు, అన్నింటికీ ఒకే రకం ఊచలు. నాలుగు సందులు. ఏ సందు? అంబులెన్సు చప్పుడు ఇంకా ఎక్కడా లేదు. బాలమ్మ పేరు అడిగితే పాన్ డబ్బావాడు ఏ బాలమ్మ అన్నాడు.

పుణ్యవతి సంయుక్త భుజం పట్టుకుంది. "మీరు రోజూ బస్సు దిగేది ఏడ? గక్కడికి పోయి నిలబడుండ్రి. గా జాగ పాపకు కనబడ్తదంటే, ఆ కిటికీ మీకూ కనబడాలె."

సంయుక్త పరుగెత్తి గేటు ముందు, పేవ్‌మెంటు మీద తాను దిగే చోట నిలబడింది. కాళ్ళు అలవాటుగా ఆఫీసు వైపు తిరిగాయి. చెయ్యి అలవాటుగా బ్యాగు లేని భుజాన్ని తడిమింది.

"అటు కాదమ్మా, వెనక్కి."

నాలుగేళ్ళుగా ఆమె అక్కడ దిగుతోంది. ఒక్కనాడు కూడా వెనక్కి తిరిగి ఆ ఇళ్ళ వైపు చూసింది లేదు. ఇప్పుడు తిరిగింది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టి కింది వరస చూసింది, మధ్య వరస చూసింది, పై వరసలో కుడి చివరికి వచ్చేసరికి చెయ్యి దానంతటదే కిందికి జారిపోయింది.

ఆ కిటికీ ఊచలకు ఒక నీలం చున్నీ కట్టి ఉంది. నాలుగో తేదీ రాత్రి అల్మారా అంతా వెతికినా దొరకని తన చున్నీ. జెండాలాగా, రెండు ముళ్ళు వేసి, సరిగ్గా తాను నిలబడే చోటికి కనబడేలా కట్టి ఉంది. తొమ్మిది రోజుల ఎండకు ఒక పక్క తెల్లగా వెలిసిపోయింది.

"ఉదయ్, పైన, కుడి చివర," అని ఆమె చెప్పేలోపే అతను రోడ్డు దాటేశాడు. పుణ్యవతి వెనకే పరుగెత్తుతూ తలెత్తి చూసింది. చున్నీ గాలి లేక నిలువునా వేలాడుతోంది.

దాని వెనక, కిటికీ దగ్గరే నిలబడి చూస్తానన్న పిల్ల లేదు.